మూడు విసుర్లు

పోయిన నెల ఒక సభలో ఆడపిల్లల ఆటల గురించి మాట్లాడమంటే, ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. నేను డ్రిల్లు మేష్టారుగా చేరిన కొత్తలో మా జోన్ పోటీల్లో ఆడపిల్లలకి ఖోఖో, రింగు ఆట తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావని. తొంభైల చివర్లో ఇనుప గుండు విసరడం కూడా పెట్టారని. ఆ మొదటి ఏడు మా స్కూలు అమ్మాయి ఒకతె నాలుగో స్థానంలో ఆగిపోయిందని. "బలం ఉంది గానీ టెక్నిక్ లేదు" అని ముగించాను. చప్పట్లు కొట్టారు.

ఆ అమ్మాయికి టెక్నిక్ ఉంది. నేర్పింది నేనే.

తొమ్మిదో తరగతి. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డులో పనిచేసేది. మొదటి ముగ్గురినీ స్పోర్ట్స్ హాస్టల్‌కి తీసుకుంటారని చెబితే, "ముగ్గుర్లో ఉంటే పంపుతానండి మేష్టారూ. లేదంటే నాతో షెడ్డుకొచ్చేత్తాది" అంది. నాలుగు నెలలు సాయంత్రం పూట ఆడపిల్లల గుండుతో సాధన చేయించాను.

పోటీలు రామచంద్రపురం దగ్గర జరిగాయి. గుండు విసిరే చోట డ్యూటీ నాదే. అంతకు వారం ముందే ఆ అమ్మాయి వాళ్ళ నాన్న జబ్బు తగ్గిందని మొక్కు తీర్చుకుని, తలనీలాలిచ్చి వచ్చింది. వలయంలోకి రాగానే మగపిల్లలు మొదలుపెట్టారు.

"ఒరేయ్, గుండు గుండేత్తందిరోయ్!"

వాన మబ్బు పట్టింది. తొందరగా అయిపోవాలని ఒక్కొక్కరి చేతా వరుసగా మూడు సార్లూ వేయించేస్తున్నాం. ఈ అమ్మాయి ఆఖరు. ముందమ్మాయి విసిరిన గుండు దొర్లి బురదలో పడింది. అది తెచ్చే ఓపిక లేక గోనెసంచిలోంచి ఇంకొకటి తీసి ఇచ్చాను. దానికీ మట్టే. దాని మీద బరువు అంకె చూడలేదు.

చేతిలోకి తీసుకుని ఆగింది. "సార్, ఇది మన గుండు కాదండి. బరువుగా ఉందండి."

"పొద్దున్న ఏం తినలేదా ఏంటి? వెయ్యమ్మా, వానొచ్చేస్తోంది" అన్నాను. చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడు సార్లూ వేసింది. నాలుగు వేళ్ళ తేడాతో మూడో స్థానం పోయింది.

తర్వాత గుండ్లన్నీ బోరింగు దగ్గర కడిగాను. ఆమెకిచ్చిన దాని మీద మట్టి పోయాక అంకె కనిపించింది. అది మగపిల్లలది, ఒక కిలో ఎక్కువ.

అప్పటికింకా ఫలితాలు చదవలేదు. టేపు కూడా తీసెయ్యలేదు. వెళ్ళి చెబితే మళ్ళీ వేయించేవారు. సొంత స్కూలు పిల్ల కోసం సాగదీస్తున్నాడంటారని ఊరుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. ఏ గుండు ఎవరిదో తెలియని డ్రిల్లు మేష్టారు అంటారని భయపడ్డాను. అంతే. గుండ్లు సంచిలో వేసి మూతి కట్టేశాను.

బస్సులో నా వెనక సీట్లో కూర్చుంది. ముందుకి వంగి, "నేను సరిగ్గా వెయ్యలేదాండి?" అని అడిగింది.

"బలం ఉందమ్మా. టెక్నిక్ లేదు" అన్నాను. ఆ మాట అప్పుడు పుట్టింది.

సోమవారం స్కూలుకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వాళ్ళ ఊరు నేను వెళ్ళలేదు.

ఈ మధ్య కొన్నాళ్ళుగా మా టౌన్ మార్కెట్లో చేపలు అమ్ముతోంది. నాకు తెలుసు. ఆ వరసలోకి వెళ్ళేవాణ్ణి కాదు. సభ అయిన మర్నాడు వెళ్ళాను. గుర్తుపట్టి, "బాగున్నారా మేష్టారూ, ఏం కావాలండి?" అంది. కొరమేను చూపించాను. ఆమె పొలుసు తీస్తుంటే మొత్తం చెప్పాను, అంకె సంగతి, బోరింగు సంగతి, ఫలితాలు అప్పటికింకా చదవకపోవడం. ఎక్కడా తడబడలేదు. రిజిస్టరు చదివినట్టు చెప్పాను.

కత్తి ఆపలేదు. "బరువని అప్పుడే చెప్పాను గదండి" అంది.

"చెప్పావమ్మా."

"మీరు గానీ ఆ పూటే చెప్పుంటే, ఇంకోసారి ఏసేదాన్ని గదండీ" అంది.

కోపంగా అనలేదు. చేపని తిరగేసి రెండో వైపు పొలుసు తియ్యడం మొదలుపెట్టింది.