ముందు పోస్టుకు పాడిన క్రిస్మస్ పాటలు

మేము పోస్టు చేరేసరికి గాలి మొదలైంది. అక్టోబరు నెల. తొంభైల చివరి ఏళ్ళు. కాశ్మీరు సరిహద్దులో ఒక కొండ వీపు. చెట్టు లేదు, గడ్డి లేదు. రాళ్ళ మధ్య మూడు బంకర్లు, వాటి మీద రేకులు, రేకుల మీద మట్టి బస్తాలు. మాకు పోస్టు అప్పగించిన దళం ఒక్కమాట కూడా ఎక్కువ మాట్లాడకుండా దిగిపోయింది. వాళ్ళ పెదాలు పగిలి నల్లబడి ఉన్నాయి. ఆరు నెలల్లో మావీ అలాగే అవుతాయని అర్థమైంది.

పోస్టు కమాండరు ఒక తమిళ సుబేదారు. నెరిసిన మీసం, తక్కువ మాటలు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, తుపాకీ తడవకూడదన్నాడు, మేజోళ్ళు తడవకూడదన్నాడు. తలనొప్పి వచ్చినా దగ్గు వచ్చినా దాచినవాణ్ణి తానే కొడతానన్నాడు. అంతే. టీ తాగమని పంపేశాడు.

నా పేరు రత్నం. పెనుకొండ దగ్గర పల్లె, చర్చికి పోయే ఇల్లు మాది. అప్పటికి లాన్స్ నాయక్‌ని. పోస్టులో రేడియో, టెలిఫోను చూసుకునే ఆపరేటరు బాషాది హిందూపురం. మా కంపెనీలోనే ఉన్న సిపాయి నాగరాజుది ధర్మవరం. ముగ్గురం అనంతపురంలో ఒకే భర్తీలో ఎంపికై ఒకే పటాలానికి వచ్చాం. నాగరాజు మాత్రం మా బంకరులో లేడు. కింద వాలులో, అవతలి వాళ్ళ కాపలా కనిపించేంత దగ్గరలో, ఇద్దరు మాత్రమే పట్టే చిన్న బంకరు ఉంది. దాన్ని ముందు పోస్టు అనేవాళ్ళం. డిసెంబరులో అక్కడ ఒక కన్నడ నాయక్‌, అతనితో నాగరాజు ఉన్నారు. వాళ్ళకూ మాకూ మధ్య ఒక కాలిబాట, ఒక టెలిఫోను తీగ. అదే తీగ మా దగ్గర నుంచి కింద కంపెనీ బేసుకు కూడా పోతుంది.

బాషా వాళ్ళ నాయనకు హిందూపురం బస్టాండు దగ్గర క్యాసెట్ల అంగడి ఉండేది. డిసెంబరు వచ్చిందంటే అంగడి ముందు స్పీకరు పెట్టి క్రిస్మస్ పాటలే వేసేవాడట. లేపాక్షి నుంచి, అమరాపురం నుంచి పనులకు వచ్చినవాళ్ళు బస్సెక్కే ముందు ఒక క్యాసెట్టు కొనుక్కునేవాళ్ళు. ఏ పాట ఏ వైపు ఎన్నోదో బాషాకు నోటికి వచ్చు. నమాజు తప్పని మనిషి. ఆ పాటలంటే మాత్రం నాకన్నా అతనికే ఎక్కువ పిచ్చి.

నాగరాజుది మగ్గాల ఇల్లు. వాళ్ళలో చర్చి గడప తొక్కినవాళ్ళు లేరు. కానీ పట్టుచీరలు నేసే షెడ్డులో టేపురికార్డరు పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఆగేది కాదు. మగ్గం మీద కూర్చున్నవాడికి పాటలో ఊపు ఉండాలి. మా క్రిస్మస్ పాటల్లో ఆ ఊపు దండిగా ఉండేది. కీబోర్డు, ప్యాడ్లు, మధ్యలో ఫ్లూటు. సినిమా పాటకు ఏం తీసిపోయేవి కావు.

ఇంకో సంగతి. ఆ పాటల నిండా మంచు కురుస్తూ ఉండేది. మా సీమలో వాన పడడమే గొప్ప. మంచు ఎవరు చూశారు? చర్చిలో తుమ్మకొమ్మ పాతి, దానికి దూది అంటించి, అదే మంచు అనుకునేవాళ్ళం. మొదటిసారి నిజమైన మంచు పడిన రోజు నాగరాజు టెలిఫోను తిప్పి నాతో ఒక మాట అన్నాడు.

"పాటల్లో మంచే మేలప్పా రత్నం. ఈడ మంచుకు కనికరం లేదు."

నిజంగానే లేదు. డిసెంబరు మూడో వారానికి నడుము లోతు పడింది. కాలిబాట కనబడకుండా పోయింది. ముందు పోస్టులో మనుషులను మార్చడం ఆగింది. క్రిస్మస్‌కు ముందురోజు ఉదయం కన్నడ నాయక్‌ ఫోను చేశాడు. నాగరాజుకు ఊపిరి ఆడటం లేదని, పెదాలు నీలంగా మారాయని, దగ్గితే గులాబి రంగు నురగ వస్తోందని చెప్పాడు. రెండు రోజులుగా దగ్గు ఉందని, తన వల్ల అందరూ మంచులో దిగాల్సి వస్తుందని నాగరాజు దాచాడని కూడా చెప్పాడు.

బాషా వెంటనే బేసులోని డాక్టరును కలిపాడు. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని, కిందికి దించడమొక్కటే మందు అని డాక్టరు చెప్పాడు. అంతదాకా అతన్ని నిటారుగా కూర్చోబెట్టాలి. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరును సన్నగా వదలాలి. ఏ క్షణంలోనూ సొమ్మసిల్లిపోనివ్వకూడదు. మబ్బు విడితే హెలికాప్టరు వస్తుంది. ఎప్పుడు విడుతుందో ఎవరికీ తెలియదు.

సుబేదారు తాడు కట్టించి మా నలుగురిని కిందికి పంపాడు. వాలు సగం దిగకముందే మంచు పలక జారింది. తాడు ఆపింది కాబట్టి బతికాం. మళ్ళీ ప్రయత్నించాం. మళ్ళీ అదే. అప్పుడు సుబేదారు దిగడం మాన్పించాడు.

కింద కన్నడ నాయక్‌ ఒక్కడే. స్టవ్వు ఆరకుండా చూడాలి, మంచు కరిగించాలి, గుమ్మం పూడకుండా తవ్వాలి, అవతలి వాలును కనిపెట్టాలి. రోగిని అనుక్షణం కదిలిస్తూ కూర్చునే తీరిక అతనికి లేదు. అందుకని టెలిఫోను రిసీవరును మఫ్లరుతో నాగరాజు చెవికి కట్టేశాడు. మాట్లాడితే ఊపిరి ఖర్చు. వింటున్నట్టు గుర్తుగా గోటితో రిసీవరు మీద కొట్టమన్నాం.

నేనూ బాషా వంతులేసుకుని మాట్లాడాం. ఊరి సంగతులు, బస్సుల సంగతులు, పెళ్ళిళ్ళు. మధ్యాహ్నానికి మాటలు అయిపోయాయి. గోటి చప్పుడు నెమ్మదించింది. అప్పుడు నాగరాజే, మాట్లాడొద్దన్నా వినకుండా, రొప్పుతూ అన్నాడు.

"మాటలు చాలప్పా. మీ క్రిస్మస్ పాట పాడు. మగ్గం కాడ కూచున్నట్టుంటాది."

పాడాను. మా పేట కుర్రాళ్ళు కట్టిన పాట. "మా సందు ఇరుకయ్యా, అయినా రావయ్యా" అని పల్లవి. గోటి చప్పుడు మళ్ళీ వచ్చింది. ఈసారి తాళం తప్పకుండా వచ్చింది. నా గొంతు అలిసిపోతే బాషా అందుకున్నాడు. "ఇది బి వైపు మూడోది, వింటాండావా?" అని చెప్పి మరీ పాడేవాడు.

చీకటి పడే ముందు బేసు నుంచి ఒక అధికారి గొంతు లైనులోకి వచ్చింది. ఎవరు పాడుతున్నారని అడిగాడు. ఇది సినిమాహాలు కాదని, లైను వెంటనే ఖాళీ చేయాలని ఆజ్ఞాపించాడు. నా నంబరు, ర్యాంకు, పేరు చెప్పాను. తర్వాత ఇలా చెప్పాను.

"సాబ్, ఈ తీగకు అవతల ఒక ప్రాణం ఉంది. మీరు ఆజ్ఞలు పంపడానికి రేడియో ఉంది. అతనికి ఇదొక్కటే ఉంది. నేను ఆపను. శిక్ష తర్వాత తీసుకుంటాను."

ఆయన ఆజ్ఞను మళ్ళీ చెప్పాడు. నేను పల్లవి ఎత్తుకున్నాను. పక్కనే ఉన్న సుబేదారు అంతా విన్నాడు. వెళ్ళి బుఖారీలో, అంటే మా కిరసనాయిలు పొయ్యిలో, నూనె పోసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

క్రిస్మస్ తెల్లారింది. వంటవాడు డబ్బా పాలతో రవ్వకేసరి చేసి, పండగ అని అందరికీ తలా గరిటెడు పెట్టాడు. నాకు గొంతు లేదు, గాలి మాత్రమే వస్తోంది. బాషాకు అదీ లేదు. గోటి చప్పుడు ఆగిపోయింది. పిలిచాం. లేదు. మళ్ళీ పిలిచాం. కన్నడ నాయక్‌ రిసీవరు అందుకుని, తనకొచ్చిన తెలుగులో, ఊపిరి ఉండాదని, కళ్ళు మాత్రం తెరవడంలేదని చెప్పాడు. బాషా తల వంచుకున్నాడు.

సుబేదారు నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. ఆయనకు తెలుగు రాదు. ఏ చర్చి మనిషీ కాదు. కవాతు మైదానంలో అరిచే గొంతుతో, నిన్నటి నుంచి విని విని పట్టుకున్న ఆ పల్లవి ఎత్తుకున్నాడు. మాటలన్నీ తప్పు. సందు కాస్తా "సొందు" అయింది, ఇరుకు కాస్తా "మురుకు" అయింది. రాగం దారి తప్పింది. అయినా ఆపలేదు. ఒకసారి, రెండోసారి, మూడోసారి అదే తప్పు పాట. నేనూ బాషా చెవులు రిసీవరుకు ఆనించి విన్నాం. ముందు ఒక దగ్గు. తర్వాత నాగరాజు గొంతు, దారమంత సన్నగా.

"సుబేదారు సాబు తప్పు పాడతాండాడు. చెప్పండప్పా."

ఏమన్నాడని సుబేదారు అడిగాడు. చాలా బాగా పాడుతున్నారని, ఇంకా పాడమంటున్నాడని బాషా హిందీలో చెప్పాడు. ఆయన పాడుతూనే ఉన్నాడు.

మరుసటి ఉదయం మబ్బు విడింది. హెలికాప్టరు వచ్చింది. ముందు పోస్టు దగ్గర దిగే చోటు లేక, వాలుకు ఒక పక్కన ఉన్న చదును మీద దిగింది. కన్నడ నాయక్‌ నాగరాజును వీపున కట్టుకుని అక్కడికి మోసుకెళ్ళాడు.

నాగరాజు బతికాడు. కొన్ని నెలలు ఆసుపత్రిలో ఉండి, కొండలకు పనికిరాడని తేల్చాక ఇంటికి వెళ్ళి మళ్ళీ మగ్గమెక్కాడు. నన్ను వసంతంలో కిందికి దిగాక విచారణకు నిలబెట్టారు. సుబేదారు వచ్చి, పాడినవాళ్ళలో తానూ ఉన్నానని రాసుకోమన్నాడు. నా సెలవు కోసేశారు. వీపున బరువు కట్టించి మైదానం చుట్టూ పరిగెత్తించారు. పరిగెత్తాను. ఆజ్ఞ మీరడం తప్పు కాదా అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. అదే తీగ, అదే అధికారి మళ్ళీ ఎదురైతే మళ్ళీ అదే పాట పాడతాను. నా జవాబు ఇంతే.

తర్వాతి డిసెంబరుకు ఇంటికి వచ్చాను. ఆ ఏడు మా చర్చి పెద్దలు కీబోర్డు, ప్యాడ్లు వద్దన్నారు. అవి గంతుల పాటలని, భక్తి లేదని, పాత కీర్తనలు మాత్రమే పాడాలని తీర్మానించారు. నేను లేచి నిలబడ్డాను. ఉపన్యాసం చెప్పలేదు.

"ఆ పాటలు ఒక మనిషిని బతికించినాయి. నేను చూసినా. వద్దనేవాళ్ళు బయటికి పోండి, మేము పాడతాం."

మా నాయన తల వంచుకున్నాడు. మా అమ్మ తల ఎత్తింది. కుర్రాళ్ళు కీబోర్డు తెచ్చి పెట్టారు. బయటికి ఎవరూ పోలేదు.

జనం నన్ను యుద్ధం గురించి అడుగుతారు. కాల్పుల గురించి అడుగుతారు. నా కళ్ళలో నిలిచిపోయింది వేరు. ఆ ఉదయం హెలికాప్టరు వెళ్ళిపోయాక కొండ వీపు నుంచి కిందికి చూశాను. వాలంతా తెలుపు. ఆ తెలుపు మీద బంకరు నుంచి చదును దాకా ఒకే ఒక్క మనిషి అడుగుల జాడ. పోయేటప్పుడు ఇద్దరి బరువుకు లోతుగా దిగిన అడుగులు. వాటి పక్కనే, ఒంటరిగా తిరిగి వస్తున్న నాయక్‌ వేస్తున్న తేలికైన అడుగులు.