వెనక గోడకి రెండు స్పీకర్లు

దొరబాబు ఇంట్లో హెలికాప్టరు ముందు గోడ దగ్గరే ఆగిపోయేది.

డీవీడీ ప్లేయరు కొన్నప్పుడు దాంతోపాటు ఒక నమూనా డిస్కు ఇచ్చారు. అందులో హెలికాప్టరు టీవీ దగ్గర బయల్దేరి, కూర్చున్నవాళ్ళ నెత్తి మీదుగా వెనక్కి వెళ్ళి, గది చుట్టూ తిరిగి మళ్ళీ ముందుకు రావాలి. కాకినాడలో స్నేహితుడి ఇంట్లో అలా తిరగడం దొరబాబు చెవులారా విన్నాడు. తన ఇంట్లో మాత్రం అది టీవీ దగ్గర గుడగుడలాడి, వెనక్కి వెళ్ళాల్సిన సమయానికి మాయమైపోయేది. ముందు మూడు స్పీకర్లు, బేసు డబ్బా, ఆంప్లిఫయరు రెండేళ్ళుగా ఒక్కొక్కటే సమకూర్చుకున్నాడు. వెనక గోడకి ఉండాల్సిన రెండూ కొందామనుకునేసరికి యామిని పుట్టింది.

అది రెండువేల మూడో సంవత్సరం. దొరబాబుకి ముప్పై ఒకటి. అమలాపురంలో ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. ఇల్లు అల్లవరం. యామిని నెలలు నిండకుండా పుట్టింది. మొదటి నెలంతా దొరబాబు ఎత్తుకోకుండా దూరం నుంచే చూసేవాడు. ఇప్పుడు తొమ్మిదో నెల, బూరెల్లాంటి బుగ్గలు, అయినా తండ్రి భయం మాత్రం తగ్గలేదు. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేవాడు. ఒళ్ళు కాస్త వెచ్చగా తగిలితే థర్మామీటరు తీసేవాడు. పిల్లేమో హాల్లో దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో తప్ప ఎక్కడా పడుకోదు. టీవీ ఉన్నదీ ఆ హాల్లోనే.

అందుకని దొరబాబు తనకు తానే ఒక చట్టం చేసుకున్నాడు. ఏ స్పీకరు మోతకి యామిని నిద్ర లేస్తుందో, ఆ స్పీకరు ఈ ఇంట్లో ఉండకూడదు.

భార్య రమణి నవ్వింది. "చట్టం బాగానే ఉందండీ. మరి మీరు తుమ్మితే లేస్తుంది కదా, మిమ్మల్నేం చెయ్యమంటారు?"

"నవ్వులాట కాదు రమణీ. చిన్న చెవులు. మోత ఎక్కువైతే చెవి లోపల సన్నని కణాలు దెబ్బతింటాయి."

"సరేనండీ. మోత లేనివే తెండి. కానీ ఈ ఆదివారానికి తెచ్చెయ్యండి. సగం సినిమా విని విని నాకూ విసుగొచ్చింది."

ఆ శనివారం కాలేజీ అవగానే గడియారస్తంభం దగ్గర అప్పారావు గారి కొట్టుకి వెళ్ళాడు. అప్పారావుకి స్పీకరు చూపించడమంటే ఒకటే పద్ధతి. మీట చివరిదాకా తిప్పి, కొనేవాడి చొక్కా ఊగితే సరుకు మంచిదన్నట్టు నవ్వుతాడు.

"అప్పారావు గారూ, కాస్త తగ్గించండి."

"ఇంకా పెంచనే లేదండి మేస్టారూ!"

"తగ్గించి వినిపించండి. మనం మాట్లాడుకుంటుంటే కూడా వినబడాలి, మాటకి అడ్డం రాకూడదు."

అప్పారావు చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "పాతికేళ్ళయిందండి ఈ కొట్టు పెట్టి. గట్టిగా మోగేది చూపించమన్నవాళ్ళే గానీ, మోగనిది చూపించమన్నవారు మీరే వచ్చేరు."

దొరబాబు జేబులోంచి కాగితం తీశాడు. తన ఆంప్లిఫయరుకి సరిపడేలా ఎనిమిది ఓములు కావాలి, బరువు గోడ మోసేలా ఉండాలి, అన్నిటికన్నా ముందు తన జీతానికి అందాలి. గంటసేపు విన్నాక రెండు జతలు మిగిలాయి. ఒకటి వెండిరంగు ప్లాస్టిక్కుది, చూపుకి దర్జాగా ఉంది. రెండోది ఊరూ పేరూ తెలియని కంపెనీది, నల్ల చెక్క డబ్బా, కొబ్బరికాయంత. ధర సగమే.

"రెండూ తీసుకెళ్ళండి," అన్నాడు అప్పారావు. "రేపంతా విని, నచ్చింది ఉంచుకుని రెండోది తెచ్చెయ్యండి. రెండూ నచ్చకపోయినా పర్లేదండి, రాజోలు నుంచి రొయ్యల చెరువుల ఆయన అడుగుతున్నాడు. సోమవారం పొద్దున్నకల్లా మాట చెప్పెయ్యాలి మరి. ఇవి పోతే మళ్ళీ సరుకు రావడానికి నెలలు పడుతుంది."

"ఆయ్, అలాగేనండి."

బస్సులో రెండు పెట్టెలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోతి దగ్గర బస్సు ఎగిరినప్పుడల్లా పెట్టెలతోపాటు అతనూ ఎగిరాడు. పెళ్ళికొడుకై వెళ్ళేటప్పుడు కూడా అంత హుషారు లేదు.

ఆదివారం మధ్యాహ్నం యామిని పడుకుంది. హాల్లో వెనక గోడకి ఎత్తుగా ఒక చెక్కబల్ల ఉంది. దాని మీద దొరబాబు తల్లి చిట్టెమ్మ గారి ఇత్తడి సామాను బారుగా ఉంటుంది. బిందెలు, గంగాళం, చెంబులు. ప్రతి శనివారం చింతపండుతో తోమి మళ్ళీ అదే వరసలో సర్దుతుంది. వెనక స్పీకర్లు తల కన్నా ఎత్తులో ఉండాలని పుస్తకంలో చదివాడు కాబట్టి, దొరబాబు ఆ బిందెల సందుల్లోనే రెండూ దూర్చాడు.

"నా సామాను ముట్టుకున్నావంటే ఊరుకోనొరేయ్," అంది చిట్టెమ్మ.

"ముట్టుకోనులేవే అమ్మా. పక్కన చోటుందిగా."

ముందు వెండిరంగు జత. మీట రెండు గీతలు తిప్పాడు. హెలికాప్టరు బయల్దేరింది. మొట్టమొదటిసారి ముందు గోడ వదిలింది! నెత్తి మీదికొచ్చింది. రమణి నోరు తెరుచుకుని పైకి చూస్తోంది. వెనక గోడ చేరింది. చేరగానే జిర్రుమని ఒక పాడు చప్పుడు. ఉయ్యాల కదిలింది. యామిని కెవ్వుమంది.

చట్టం చట్టమే. వెండిరంగు జత పెట్టెలోకి వెళ్ళిపోయింది.

పిల్లని మళ్ళీ పడుకోబెట్టేసరికి గంట పట్టింది. ఈసారి నల్ల డబ్బాలు. హెలికాప్టరు వెనక్కి వెళ్ళింది, జిర్రుమంది, యామిని లేచింది.

దొరబాబు కుర్చీలో కూలబడ్డాడు. "రెండూ పాడువే. రాజోలు ఆయన్నే తీసుకోమని చెప్పేస్తాను."

రమణి పిల్లని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. "అదేంటండీ, కొట్లో ఇలా మోగలేదన్నారు కదా?"

"లేదు. కొట్లో అద్దంలా ఉంది."

అన్నాక ఆ మాటే అతన్ని పట్టుకుంది. రెండు వేరు వేరు కంపెనీలు. ఒకటి ప్లాస్టిక్కు, ఒకటి చెక్క. రెంటికీ ఒకే చోట, ఒకే స్వరం దగ్గర ఒకే జబ్బు ఎలా వస్తుంది? జబ్బు స్పీకర్లది కాదు. ఇంట్లో ఉంది!

"అమ్మా, ఇలా రా. ఈ స్టూలు ఎక్కు."

"అరవై ఏళ్ళ దాన్ని స్టూళ్ళెక్కమంటావేంట్రా?"

"నీ సామాను నన్ను ముట్టుకోవద్దన్నావుగా!"

చిట్టెమ్మ గొణుక్కుంటూ ఎక్కింది. యామిని ఎలాగూ మెలకువగానే ఉంది. దొరబాబు అదే ముక్క మళ్ళీ మళ్ళీ వేశాడు. చిట్టెమ్మ ఒక్కో బిందె మీదా చెయ్యి పెట్టింది. మొదటి బిందె, జిర్రు. రెండో బిందె, జిర్రు. గంగాళంలో దాచిన చెంబు మీద చెయ్యి పెట్టింది. చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"ఇదిరా!" అని అరిచింది చిట్టెమ్మ. "నా చెంబే! ఎలా వణుకుతోందో చూడు, జ్వరం వచ్చినట్టు!"

దొరబాబు నుదురు కొట్టుకున్నాడు. ఆ చెంబు వణికే స్వరమూ, హెలికాప్టరు స్వరమూ ఒకటే. అనునాదం. ఏటా ఆగస్టులో ఇంటర్ పిల్లలకి రెండు శృతిదండాలు పెట్టి చూపిస్తాడు. ఒకదాన్ని మోగిస్తే పక్కది దానంతటదే పలుకుతుంది. ప్రశ్నపత్రంలో కూడా ఇస్తాడు.

"మేస్టారు గారూ, ఈ ప్రశ్నకి ఎన్ని మార్కులండీ?" అంది రమణి.

"నాలుగు. నాకు సున్నా."

తర్వాత పని ఉరకలు వేసింది. చెంబు తీసేసినా ఇంకో స్వరానికి ఇంకో బిందె వణుకుతుంది కాబట్టి, ఆ బల్ల మీద స్పీకరు ఉండకూడదని తేలింది. అయితే ఎక్కడ? రమణి సోఫాకి చెరో పక్కా రెండు స్టూళ్ళు వేసింది. "పుస్తకం సంగతి వదిలెయ్యండి. చెవి దగ్గరుంటే మీట అంత తిప్పక్కర్లేదు కదా?" అంది. దొరబాబు వెంటనే బల్ల మీంచి డబ్బాలు దించాడు. దూరం సగమైతే చప్పుడు ఎంత కలిసొస్తుందో అతనికి లెక్క తెలుసు. ఆమెకి లెక్క లేకుండానే తెలిసింది. చిట్టెమ్మ కొబ్బరి పీచు తెచ్చి ఒక్కో స్టూలు మీదా మెత్తగా పరిచింది. దాని మీద ముందు వెండిరంగువి పెట్టి విన్నారు, తర్వాత నల్లవి. మీట తగ్గిస్తే వెండిరంగు వాటిలో మాటలు ముద్దముద్దగా వచ్చాయి. నల్ల డబ్బాల్లో గాలికి ఆకు కదిలినా తెలిసింది. ధర సగం. ముగ్గురూ ఒకేసారి నల్లవాటి వైపు వేలు చూపించారు.

ఇక చివరి పరీక్ష. సాయంత్రం యామిని పాలు తాగి ఉయ్యాలలో నిద్రపోయింది. మీట ఒకే ఒక్క గీత తిప్పాడు. హెలికాప్టరు లేచింది, ఉయ్యాల పక్కనుంచి వెళ్ళింది, సోఫా వెనక్కి చేరింది, చుట్టు తిరిగి తెరలోకి దిగింది. జిర్రు లేదు. ఉయ్యాల కదల్లేదు. రమణి చప్పుడు రాకుండా గెంతింది. సినిమా పెట్టారు. పది నిమిషాలకి చిట్టెమ్మ లేచి, "పెరట్లో ఎవరో తలుపు కొడుతున్నారమ్మాయ్," అని వెళ్ళి తలుపు తీసి, ఎవరూ లేక వెనక్కొచ్చి, "ఇదేం డబ్బారా!" అని బుగ్గ నొక్కుకుంది. అప్పుడు కూడా యామిని లేవలేదు.

దొరబాబు సంతోషం పావుగంట నిలిచింది. తర్వాత ముఖం మారింది.

"రమణీ, ఇంత చప్పుడవుతున్నా లేవడం లేదేంటి?"

"లేవకూడదనే కదండీ ఇందాకటినుంచీ అవస్థ?"

"కాదు. దీనికి వినబడుతోందా అని..."

రమణి వద్దనేలోపే ఉయ్యాల మీదికి వంగి, "యామినీ," అని పిలిచాడు. పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది.

"వినబడుతోంది!" దొరబాబు ముఖం వెలిగిపోయింది. "బ్రహ్మాండంగా వినబడుతోంది!"

చిట్టెమ్మ మనవరాల్ని ఎత్తుకుని వీపు నిమిరింది. "పిల్లని లేపింది డబ్బాలు కాదురా, నువ్వు. నీ చట్టం ప్రకారం రేపు పొద్దున్న కొట్లో దింపాల్సింది నిన్నే."

"ఆయ్," అంది రమణి. "రాజోలు ఆయన తీసుకుంటాడేమో అడగండి."