కాటా బావ కుక్క బీమా

ఉల్లిపాయల సంచి చేతిలో పెడితే చాలు, మా బావ ఒకసారి అలా పైకెత్తి "ముప్పై గ్రాములు తక్కువుంది" అంటాడు. కొట్టువాడు మొహం మాడ్చుకుని మళ్ళీ తూస్తాడు. తక్కువే ఉంటుంది. మా వీధిలో ఏ కొట్టువాడికీ మా బావ అంటే గిట్టదు.

పాత ఇనుము కొనే యార్డులో ఇరవై రెండేళ్ళుగా కాటా దగ్గర ఆయనదే పని. నేనూ ఆ యార్డులోనే, మోతపని. లారీలోంచి దించుతాం, కాటా మీదికి ఎక్కిస్తాం, దించుతాం, గుట్టలో వేస్తాం. పని ఇంతే, నడుము మాత్రం అంతకంటే ఎక్కువే చెబుతుంది. యార్డంతా ఆయన్ని కాటా అనే పిలుస్తుంది. మా అక్క మొగుడు కాబట్టి నాకు కాటా బావ.

ఆయన అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. చేరిన మొదటి ఏడాది రాగి తీగ పదకొండు కిలోలు తరుగు వచ్చిందని ఆయన జీతంలో కోశారు. రెండు నెలల తర్వాత దొంగ దొరికాడు. ఆఫీసులో మనిషే. దొంగ దొరికాడు గానీ కోసిన జీతం దొరకలేదు. అప్పటినుంచి మా బావ తన నీడని కూడా రెండుసార్లు చూసిగానీ అడుగు వెయ్యడు.

అలాంటి మనిషి ఒక్క కుక్కని మాత్రం నమ్మాడు. అది ఒక లారీ వెనకెక్కి మా యార్డుకొచ్చింది. లారీ వెళ్ళిపోయింది, ఇది ఉండిపోయింది. మేం మోస్తుంటే నీడలో కూర్చుని చూసేది. ఎవడైనా బరువు దించి ఊపిరి పీల్చుకుంటే మొరిగేది. అందుకని దానికి మేస్త్రీ అని పేరు పెట్టాం. ఒక వానరోజు బావ దాన్ని ఇంటికి తీసుకుపోయాడు. "రెండ్రోజులే" అన్నాడు అక్కతో. ఏడేళ్ళయింది.

నాలుగేళ్ళ కిందట మేస్త్రీ ఒక ఇత్తడి నట్టు మింగింది. కడుపు కోసి తియ్యడానికి మూడు నెలల జీతం పోయింది. ఆ దెబ్బకి మా అక్క కుక్కకి బీమా కట్టాలంది. ఆమె ఆఫీసు గదులు తుడిచే పనిలో ఉంది. అక్కడెవరో చెప్పారట. బావ నెల రోజులు నసిగి చివరికి ఒప్పుకున్నాడు. మొదట్లో నెలకి ఒక రోజు కూలి పోయేది. తర్వాత ఒకటిన్నర రోజులైంది. ఈ ఏడాది వచ్చిన ఉత్తరం ప్రకారం దాదాపు మూడు రోజుల కూలి.

ఉత్తరం వచ్చిన సాయంత్రం నేను వెళ్ళేసరికి బావ ఉత్తరాన్ని దీపానికి అడ్డంపెట్టి చూస్తున్నాడు.

"వెనకేమన్నా రాసుందా బావా?"

"ఏముంటుందిరా? దొంగరాతలు ముందువైపే ఉంటాయి." ఉత్తరం నా మీదికి విసిరాడు. "ఎవడో చెప్పాడు వీళ్ళకి, కాలు సంగతి."

కాలు సంగతి నిజమే. మేస్త్రీ వెనక కుడికాలు కుంటుతోంది. మోకాట్లో నరం తెగిందని, ఆపరేషన్ చెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది. బీమా ఉంటే ఖర్చులో ఎక్కువభాగం వాళ్ళిస్తారు. ఇప్పుడు మానేసి ఇంకో కంపెనీకి పోదామంటే పాత జబ్బుకి ఎవరూ ఇవ్వరు. కడదామంటే చెయ్యి సాగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పది రోజుల్లో తేల్చకపోతే పాలసీ ఆగిపోతుంది, దాంతోపాటు మేస్త్రీ కాలూ అంతే.

"ఎవరు చెబుతారయ్యా, కుక్క కుంటుతోందని కంపెనీకి ఫోన్ చేసి?" అంది అక్క గిన్నెలు కడుగుతూ.

"పైవాటా టైలరమ్మ. మొరుగుతోందని రెండుసార్లు గొడవపడలా?"

"మొన్న దానికి గుడ్డ మెత్త కుట్టిచ్చింది ఆవిడే!"

"అదీ అందుకే. ఊరికే ఎందుకు కుట్టిస్తుంది?"

అక్క చెంబు ఠపీమని పెట్టింది. బావ చూపు నావైపు తిరిగింది.

"పోయినేడు బీమా ఫారం నీ ఫోన్‌లోనే కదరా పంపింది?"

"అవును."

"నువ్వేమైనా నొక్కావా?"

నాకు నిజంగానే మండింది. పొద్దుట్నుంచి సైకిలు చక్రాలు, తుప్పు రేకులు మోసి వచ్చాను. "నొక్కాను బావా. 'మా బావ దగ్గర డబ్బు మూలుగుతోంది, దండుకోండి' అని మీట ఉంటే దాన్ని నొక్కాను."

అక్క నవ్వింది. బావ నవ్వలేదు. అక్క చెయ్యి తుడుచుకుని ఉత్తరం తీసుకుంది. ఇంట్లో ఓపిగ్గా చదివేది ఆమే. వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"కాలు గురించి ఇందులో ఏమీ లేదు. పెద్ద కుక్కల తరగతికి మార్చామని ఉంది. ముప్పై కిలోలు దాటినవి పెద్ద కుక్కలట. మనది ముప్పై ఒకటిన్నర అని రాసుంది."

"అంతే ఉంది. నేనే తూచా" అన్నాడు బావ. "నా తూకంలో తప్పుండదు."

నిజమే, ఆ మాట యార్డులో యజమాని కూడా ఒప్పుకుంటాడు. అంతకుముందు ఏళ్ళలో ఫారంలో ఆస్పత్రి చీటీలో ఉన్న బరువే రాసేవాళ్ళు. పోయినేడు ఆస్పత్రి కాటాని నమ్మనని బావే మేస్త్రీని యార్డుకి తెచ్చి తూచాడు. గొలుసు పట్టుకున్నది నేను. ఆ రోజు కళ్ళముందు మెదిలింది. ఇనుప పళ్ళెం మీద గోళ్ళు జారి మేస్త్రీ నిలబడలేదు. దిగి పారిపోయింది. బావ ఒక చెక్క తెచ్చి పళ్ళెం మీద వేశాడు. దానిమీద నిలబడింది.

"బావా, చెక్క బరువు తీసేశావా?" అన్నాను.

"నేనెందుకు తీస్తాను?"

అక్కకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా యార్డులో ఒక పద్ధతుంది. కాటా మనిషి ముల్లు చూపించింది చూపించినట్టే రాయాలి. పెట్టె ఉంటే పెట్టెతో, గోనె ఉంటే గోనెతో. తీసివేతలు ఆఫీసులో గుమాస్తా చేస్తాడు. కాటా మనిషి తనంతట తాను ఒక్క గ్రాము తగ్గించి రాసినా దొంగతనం కిందే లెక్క. రాగి తీగ సంగతి తర్వాత బావ ఆ పద్ధతిని ప్రాణంగా పట్టుకున్నాడు. చెక్కతో, గొలుసుతో కలిపి ముప్పై ఒకటిన్నర రాశాడు. తగ్గించేవాడు ఎక్కడో ఉంటాడనుకున్నాడు. కుక్క ఫారానికి గుమాస్తా ఎవడుంటాడు?

అక్కకి చెప్పాను. ఆమె బావవైపు తిరిగింది.

"అయితే కంపెనీవాళ్ళు కాదు, టైలరమ్మ కాదు, మా తమ్ముడూ కాదు."

బావ మేస్త్రీ చెవి వెనక గోకుతూ కూర్చున్నాడు. "చెక్క మూడు కిలోల పైనే ఉంటుంది" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

ఆస్పత్రి నుంచి బరువు చీటీ తెచ్చి పంపితే సరిదిద్దుతామని కంపెనీ ఫోన్‌లో చెప్పింది. మర్నాడే వెళ్ళాం. బావ సంచిలోంచి యార్డు ముద్ర ఉన్న అయిదు కిలోల గుండు తీసి, ముందు దాన్ని వాళ్ళ కాటా మీద పెట్టాడు. డాక్టరమ్మ అద్దాల పైనుంచి చూసింది.

"మా కాటా పాసైందా?"

"పది గ్రాములు ఎక్కువ చూపిస్తోందమ్మా."

"ఆ పది గ్రాములూ మీ కుక్కకి వదిలేయండి" అందామె. మేస్త్రీ ఇరవై ఎనిమిది కిలోలు తూగింది.

చీటీ పంపాం. తరగతి మారింది. అయినా నెలకి రెండు రోజుల కూలికి పైనే తేలింది. బావ మళ్ళీ ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు, సాక్షిగా.

"వయసు పెరిగింది కదండీ, అందుకే" అంది ఫోన్‌లో అమ్మాయి.

"నాకూ పెరిగిందమ్మా. మా యజమాని జీతం పెంచలేదే?"

ఆ అమ్మాయి నవ్వాపుకుంటున్నట్టు వినిపించింది. ఇంకో దారి ఉందని చెప్పింది. ఏ వైద్యం చేయించినా మొదటి కొంత మొత్తం మనమే పెట్టుకుంటామని ఒప్పుకుంటే, నెలనెలా కట్టేది ఒకటిన్నర రోజుల కూలికి దిగుతుంది. బావ కళ్ళు చిన్నవయ్యాయి.

"ఇందులో మెలికెక్కడుంది?"

"మెలికేం లేదండీ."

"మెలిక లేదంటే కనబడట్లేదని. ఇదిగో అమ్మాయ్, వచ్చే నెల కాలు ఆపరేషన్ అయితే మీరు ఎంతిస్తారు, మేమెంత పెట్టుకోవాలి? నెమ్మదిగా చెప్పు. మీరు రికార్డు చేస్తారటగా, నేనూ రాసుకుంటున్నా."

ఆమె చెప్పింది. రాసుకున్నాడు. మళ్ళీ చెప్పించుకున్నాడు. రెండుసార్లూ ఒకటే వచ్చింది. అదీ అనుమానమే అయింది ఆయనకి. "బట్టీ పట్టినట్టు చెప్పింది" అన్నాడు ఫోన్ పెట్టేశాక. మనం పెట్టుకోవలసింది అక్క బట్టల కింద దాచిన డబ్బుతో కొంచెం అటూఇటూగా సరిపోతుంది. గడువుకి రెండు రోజుల ముందు కట్టేశారు.

ఆపరేషన్‌కి కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం వచ్చిన రోజు అక్క పట్టలేని సంతోషంతో నాకు ఫోన్ చేసింది. బావ మాత్రం ఇంత తేలిగ్గా ఇచ్చారంటే ఏదో ఉందన్నాడు. ఆ కాగితం తీసుకుని ఆస్పత్రికి వెళ్ళి, డాక్టరమ్మ చేతే కంపెనీకి ఫోన్ చేయించి, అది అసలుదేనని చెప్పించుకుని వచ్చాడు.

ఆపరేషన్ రోజున బావ సెలవు పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన సెలవులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నేను మధ్యాహ్నం తిండి వేళలో ఆస్పత్రికి వెళ్ళాను. వరండాలో గోడకానుకుని, లోపలి తలుపునే చూస్తూ నిలబడి ఉన్నాడు.

"కూర్చోరాదా బావా?"

"మంచి కాలికి ఎర్రగుడ్డ కట్టి పంపా" అన్నాడు. "మత్తులో ఉంటే దానికి చెప్పుకునే నోరుండదు. రెండో కాలు కోసేస్తే ఎవడు జవాబు చెబుతాడు?"

డాక్టరమ్మ బయటికొచ్చింది. చేతిలో ఆ ఎర్రగుడ్డ ఉంది. "అంతా బాగైందండీ. కొయ్యాల్సిన కాలికి మేం కూడా పెన్నుతో గుర్తు పెట్టుకుంటాం, మీకు తెలుసా? మీలాంటివాళ్ళు మా దగ్గరా ఉన్నారు."

బావ గుడ్డ తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొదటిసారి ఆమెని కాస్త మనిషిలా చూశాడు.

కాసేపటికి మేస్త్రీని చక్రాల బల్లమీద తోసుకొచ్చారు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, నాలుక పక్కకి వేలాడుతోంది. బావ వంగి కట్టు చూశాడు. కుడికాలికే ఉంది. అటు తిరిగి వెళ్ళి, తోకవైపు నిలబడి, ఏది కుడో ఏది ఎడమో చేత్తో లెక్క చూసుకుని, మళ్ళీ ఒకసారి చూశాడు. అప్పుడు కూర్చున్నాడు.