కొండ మీద అన్న మాట

మా లెక్చరరుకు నేను మొదటి రోజే నచ్చలేదు. నాకు ఆయన రెండో రోజు నుంచి నచ్చలేదు. మొదటి రోజు నేనింకా మర్యాదగా ఉండాలనుకున్నాను, అంతే తేడా.

నేను చేరింది ఆరుబయట పాఠాలు చెప్పే టీచర్లను తయారుచేసే డిగ్రీలో. అడవి నడక, తాళ్ళ పని, కయాక్ పడవలు, గుడారాలు. వీటితో బడిపిల్లలకు ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో నాలుగేళ్ళు చదవాలి. మలయ్ దేశంలో, మా సుంగై పెటానిలో ఈ చదువు పేరు చెబితే ఎవరికీ తలకెక్కేది కాదు. నాన్న గ్లౌజుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అడిగినవాళ్ళకు 'పీటీ టీచరు' అని చెప్పి తప్పించుకునేవాడు. నాయనమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆమె పదకొండో ఏట నుంచి రబ్బరు తోటలో చెట్లకు గాటు పెట్టి పాలు తీసిన మనిషి.

"అడివిలో తిరగడానికి సదువేటే?" అంది నేను ఫారం నింపుతుంటే. "మేం తిరగలేదా? మాకెవుడిచ్చినాడు పట్టా?"

"అలాక్కాదు లా నాయనమ్మా. పిల్లలకి నేర్పడానికి" అన్నాను, మలయ్ అలవాటుగా 'లా' తగిలించి.

"ఏటి నేర్పుతావు? పామొస్తే పరిగెట్టమనా? అది ఎవుడూ నేర్పక్కర్లేదు."

నాకు ఒళ్ళు మండింది. సమాధానం దొరక్కపోతే వచ్చే మంట అది. ఆ కోపంతోనే సంతకం పెట్టాను.

మొదటి వారం ఈత పరీక్ష. నాకు ఈత రాదు. మా ఫీల్డు కోర్సులన్నీ చూసే ఆ లెక్చరరు కొలను గట్టు మీద నిలబడి, ఏ ఊరని మలయ్‌లో అడిగాడు. చెప్పాను.

"రబ్బరు ఎస్టేటు పిల్లవా? చెట్లెక్కడం వచ్చుంటుంది. ఈత మాత్రం రాదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

"నేను పుట్టేసరికి ఎస్టేటే లేదు సార్. అక్కడిప్పుడు టైర్ల షాపుంది" అన్నాను.

ఆయన చేతిలో అట్ట మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో సెమిస్టర్ చివర చూశాను. 'ఎదురు మాట్లాడుతుంది.' ఆ తర్వాత మూడేళ్ళూ ఆ ముక్క నా ప్రతి నివేదికలోనూ ఉంది. నేనూ దాన్ని నిలబెట్టుకుంటూ వచ్చాను.

నాకు ఈత నేర్పింది నా గదిలో ఉండే అమ్మాయి. జార్జ్ టౌన్ పిల్ల, సముద్రం పక్కన పెరిగింది. తండ్రి తమిళాయన, తల్లి వైపు మన తెలుగువాళ్ళు. నేను తెలుగులో మాట్లాడితే తను తమిళంలో జవాబు చెప్పేది. "అర్థమవుతుంది, నోరు తిరగదు" అనేది. పొద్దున్న ఆరున్నరకు ఖాళీ కొలనులో నా పొట్ట కింద అరచెయ్యి పెట్టి, "నేను తీసేస్తే చెప్తాను" అని, చెప్పకుండానే తీసేసింది. నేను మునగలేదు. మూడేళ్ళు మాది ఒకే గది, ఒకే గుడారం.

లెక్చరరుకు ఒక సిద్ధాంతం ఉండేది. భయాన్ని మించిన టీచరు లేదట. పిల్లాణ్ణి నిజంగా భయపెడితే తప్ప అడవి వాడికి ఏమీ నేర్పదట. రెండో ఏడు క్లాసులో ఈ మాట అన్నప్పుడు నేను లేచాను.

"మా నాయనమ్మ నలభై ఏళ్ళు చెట్ల మధ్య భయపడింది సార్. పాములకీ, పైవాళ్ళకీ. ఆవిడ నేర్చుకున్నది భయపడడమే."

"మీ నాయనమ్మ ఈ కోర్సులో లేదు" అన్నాడు. "కూర్చో."

మూడో ఏడు చివర్లో అసలు పరీక్ష వచ్చింది. ఒక పట్నం బడి నుంచి పదమూడేళ్ళ పిల్లలు పద్నాలుగు మంది. రెండు రోజుల క్యాంపు, మధ్యలో కొండ నడక. నేను నాయకురాలిని. వరస చివర నడిచి ఎవరూ వెనకబడకుండా చూసే పని నా స్నేహితురాలిది. మార్కులు వేయడానికి లెక్చరరు, ఆయన వెంట ఒక సహాయకుడు.

మధ్యాహ్నం దాటాక వాన పట్టుకుంది. రెండో మజిలీ దగ్గర పిల్లల్ని ఆపి లెక్కపెట్టాను. పదమూడు. మళ్ళీ లెక్కపెట్టాను. పదమూడే. లేనిది ఎవరో కూడా వెంటనే తెలిసింది. పసుపు రెయిన్‌కోటు వేసుకుని, పొద్దుట్నుంచీ జలగల గురించి నన్ను వంద ప్రశ్నలు అడిగిన పొట్టి పిల్ల.

పిల్లల్ని ఒక చెట్టు మొదట కూర్చోబెట్టాను. విజిల్ మూడుసార్లు ఊదాను. ఆగి విన్నాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వాకీటాకీలో క్యాంపును పిలిచాను, ఎవరూ పలకలేదు. దారి పక్కన వాగు ఎర్రగా పొంగుతోంది. నా కళ్ళు ఆ నీళ్ళలో పసుపు రంగు కోసం వెతకడం మొదలుపెట్టాయి. ఆపుదామన్నా ఆగలేదు.

"నువ్వు వెనకాలే ఉన్నావు కదా?" అన్నాను నా స్నేహితురాలితో.

"సార్ నన్ను ముందుకు పంపారు. ఒకడి బ్యాగు పట్టీ తెగిందట. వెనక తను చూసుకుంటానన్నారు" అంది.

లెక్చరరు నాలుగడుగుల దూరంలో బండ మీద కూర్చుని ఉన్నాడు. అట్ట తడవకుండా ప్లాస్టిక్ కప్పుకుని రాస్తున్నాడు. "నాకు తెలీదు. నాయకురాలివి నువ్వు" అన్నాడు.

వెనక్కి పరిగెత్తి దారంతా చూసి వచ్చాను. మళ్ళీ విజిల్ ఊదాను. పిల్లల్లో ఇద్దరు ఏడుస్తున్నారు. నా స్నేహితురాలు వాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏదో చెబుతోంది. అది చూడగానే నాలో ఏదో తెగిపోయింది. వాళ్ళందరి ముందూ ఆమె మీద అరిచాను. మలయ్ కాదు, తమిళం కాదు. నోట్లోంచి వచ్చింది నాయనమ్మ తెలుగు.

"నీ జిమ్మడ! కళ్ళు నెత్తి మీదున్నాయా? ఆ పిల్లని నువ్వే సంపినావు. అదిగాని దొరక్కపోతే నిన్నిక్కడే పాతిపెడతాను."

పిల్లలకు మాటలు అర్థం కాలేదు. అర్థమైన మనిషి ఒక్కతే ఆ కొండ మీద.

ఇంకో పావుగంట గడిచింది. మొత్తం యాభై నిమిషాలు అయివుంటుంది. లెక్చరరు లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"చాలు. పిల్ల కింద ఫారెస్టు గుడిసెలో ఉంది. మా సహాయకుడితో నేనే పంపాను. నీ పరీక్ష ఇదే."

ఆయన్ని అనాల్సినవన్నీ అప్పటికే వేరే మనిషిని అనేశాను.

గుడిసెలో ఆ పిల్ల బల్ల మీద బిగుసుకుని కూర్చుని ఉంది. చేతిలో టీ కప్పు చల్లారిపోయింది. పక్కన సహాయకుడు, ఆపేసిన క్యాంపు వాకీటాకీతో.

"మీరు విజిల్ ఊదడం వినిపించింది టీచర్. ఈయన పలకొద్దన్నారు" అంది. "నా ప్యాంటు తడిసిపోయింది. వాన వల్ల కాదు. ఎవరికీ చెప్పకండి. నాకు మార్కులు తగ్గుతాయా?" అని అడిగింది.

నా రెయిన్‌కోటు విప్పి ఆమె నడుముకు చుట్టాను. తడిసిన సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇప్పుడు రాస్తున్నాను. ఆమె పేరు ఎవరికీ తెలియదన్న ధైర్యంతో.

ఆ వారమే ఫిర్యాదు ఇచ్చాను. అదే వారం ఆయన నన్ను ఫెయిల్ చేశాడు. నెల తర్వాత విచారణకు పిలిచారు. చల్లటి గది, పొడుగు బల్ల, అవతల ముగ్గురు పెద్దలు. అలాంటి పరీక్ష తాను చాలా ఏళ్ళుగా పెడుతున్నానని ఆయన తాపీగా చెప్పాడు. "ఈ అమ్మాయి తట్టుకోలేకపోయింది. పిల్లల ముందే తోటి విద్యార్థినిని తన భాషలో బెదిరించింది. మాటలు నాకు తెలియవు, గొంతు తెలుస్తుంది కదా" అన్నాడు.

"ఏమన్నావు?" అని వాళ్ళు నన్ను అడిగారు.

"కోపంలో అరిచాను. ఏమన్నానో గుర్తులేదు" అన్నాను. ప్రతి అక్షరం గుర్తుంది.

తర్వాత నా స్నేహితురాలిని పిలిచారు. ఆయన తనను ముందుకు పంపిన సంగతి, పిల్లను దాచినట్టు మా ఇద్దరికీ తెలియని సంగతి, వాకీటాకీ సంగతి అన్నీ చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. ఆయన ముఖం మొదటిసారి గట్టిపడింది. నేను లోపల సంబరపడ్డాను.

అప్పుడు బల్ల చివరి ఆవిడ అడిగింది. "ఆమె నిన్ను ఏమంది?"

నా స్నేహితురాలు ముందు తెలుగులో చెప్పింది. మూడేళ్ళలో ఆమె నోట తెలుగు నేను వినడం అదే మొదలు. యాస కూడా పోకుండా, నాయనమ్మ గొంతు అరువు తెచ్చుకున్నట్టు, మొత్తం చెప్పింది. తర్వాత మలయ్‌లోకి తిప్పింది. "మొదటి మాట పెద్దవాళ్ళ తిట్టు. అర్థం నాకు సరిగ్గా తెలియదు. మా అమ్మమ్మ మా తాతను అనేది. మిగతాది, నువ్వే ఆ పిల్లను చంపావు, దొరక్కపోతే నిన్ను ఇక్కడే పాతిపెడతాను, అని."

గదిలో ఎవరూ నా వైపు చూడలేదు.

తీర్పు రెండు కాగితాల్లో వచ్చింది. ఆయన్ను ఏడాది పాటు ఫీల్డు కోర్సుల నుంచి తప్పించారు. నా ఫెయిల్ మాత్రం అలాగే ఉంచారు. పిల్లల ముందు అదుపు తప్పినందుకు మళ్ళీ మొదటి నుంచి రాయాలి, వేరే పరీక్షకురాలి దగ్గర. నడవాలో ఆయన ఎదురుపడి, "ఇద్దరం నేర్చుకున్నాం" అన్నాడు నవ్వుతూ.

"మీరేం నేర్చుకున్నారు సార్?" అన్నాను. ఆయన మీద నాకు ఇవాళ్టికీ కోపం చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశం కూడా లేదు.

గదికి వెళ్ళేసరికి ఆమె బట్టలు సర్దుకుంటోంది.

"మర్చిపోయానని చెప్పొచ్చు కదా" అన్నాను.

"నువ్వు మర్చిపోయావా?" అంది తమిళంలో. "ఆ పావుగంటా ఆ పిల్లను నేనే చంపానని నమ్మాను. ఆయన మాటకైతే నమ్మేదాన్ని కాదు. నువ్వన్నావని నమ్మాను."

సంచీ జిప్పు లాగి, కింది అంతస్తులో వేరే గదికి మారిపోయింది.

నాలుగో ఏడు చదువు అయ్యాక మళ్ళీ కొండెక్కాను. పరీక్షకురాలు నెమ్మదైన మనిషి, పిల్లల లెక్క తనూ నాతో పాటు వేసుకునేది. పాసయ్యాను. స్నేహితురాలు అప్పటికే డిగ్రీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆమెకు తెలుగు చదవడం రాదు. నా గొంతు రికార్డు చేసి పంపాను. "తప్పయిపోయినాది. నిన్నలాగ అనకూడదు." విన్నట్టు ఫోన్‌లో గుర్తు పడింది. జవాబు రాలేదు.

ఈ ఏడు మా రాష్ట్రం, ఆమె రాష్ట్రం టీచర్లకు కలిపి పెట్టిన తాళ్ళ శిక్షణలో మమ్మల్ని ఒకే జట్టులో వేశారు. ఆమె ఇప్పుడు జార్జ్ టౌన్‌లో పని చేస్తోంది. నేను గోడ ఎక్కుతుంటే కింద తాడు పట్టుకున్నది ఆమే. "వదులు" అన్నాను. వదిలింది. "బిగించు" అన్నాను. బిగించింది. తాడు ఒక్కసారి కూడా జారలేదు. దిగాక నా నడుము కొక్కెం తనే విప్పి, ముడి సరిగ్గా ఉందో లేదో చూసి, భోజనానికి వేరే బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.