పేము మేస్త్రి పరీక్ష

మా మినహాయింపుల సెక్షన్‌కి రకరకాల మనుషులు వస్తారు. వయసు దాటినవాళ్లు, ఎత్తు చాలనివాళ్లు, పదో తరగతి గట్టెక్కనివాళ్లు. సర్కారు ఉపాధి పథకంలో తమకు అడ్డొచ్చిన ఆ ఒక్క నిబంధన సడలించమని అందరూ అడుగుతారు. ఆ దరఖాస్తులు చదివి కమిటీకి నోట్ పెట్టడం పాతికేళ్లుగా నా పని. చాలామందికి "కుదరదు" అనే జవాబే వెళ్తుంది. ఆ ఉత్తరం టైపు చేసేదాన్ని నేనే కాబట్టి తిట్లూ నాకే.

పేము మేస్త్రి మాత్రం తిట్టడు, నవ్వుతాడు. నాకు అది ఇంకా మంట.

ఆయన నలభై ఏళ్లుగా కుర్చీలకు పేము అల్లాడు. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక ఆయన కొట్టు వైపు చూసే నాథుడే లేకపోయాడు. అంతలో పథకం కింద పేము అల్లిక నేర్పే కేంద్రం తెరిచి, బోధకుడు కావాలన్నారు. బోధకుడు అదే కోర్సు పాసై ఉండాలట. ఆ కోర్సేమో బోధకుడు లేక ఇంకా మొదలే కాలేదు. మా శాఖ తెలివితేటలకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఈ ఉద్యోగం రాకపోతే మేస్త్రి తన వియ్యంకుడి గోదాములో కాపలాకు వెళ్లాలి. "పస్తులైనా ఉంటాను గానీ అమ్మా, ఆయన వచ్చినప్పుడల్లా లేచి నిలబడటం నావల్ల కాదు," అన్నాడు నాతో.

నైపుణ్యానికి రుజువు జతపరచలేదంటూ కమిటీ రెండుసార్లు దరఖాస్తు తిప్పి పంపింది. మూడోసారి నాకు ఒళ్లు మండి నోట్‌లో ఇలా రాశాను: "రుజువు జతపరచడం సాధ్యం కాదు. కమిటీ సభ్యులు ఏడుగురూ పద్దెనిమిదేళ్లుగా దాని మీదే కూర్చుంటున్నారు."

పెద్దాఫీసరు అది చదివి, లేచి, తన కుర్చీ తిరగేసి చూశారు. మిగతా ఆరుగురూ వాళ్ల వాళ్ల కుర్చీలు తిరగేశారు. అన్నీ మేస్త్రి అల్లినవే, ఒక్క బద్ద సడలితే ఒట్టు. మినహాయింపు ఇచ్చారు, కానీ ఊరికే ఇస్తే మా కమిటీ ఎందుకవుతుంది? ఆరు నెలల్లో మేస్త్రి ఆ కోర్సు పాస్ కావాలి, లేకపోతే ఉద్యోగం పోతుందని షరతు పెట్టారు.

దాంతో మేస్త్రి తన క్లాసులో తానే విద్యార్థిగా చేరాడు. హాజరు పట్టీలో ఆయనది పన్నెండో పేరు. రోజూ తన పేరు తానే పిలిచి, "ఉన్నానండీ" అనేవాడట. ఒకరోజు బస్సు తప్పితే తన పేరు ఎదురుగా "ఆలస్యం" అని కూడా రాసుకున్నాడట.

ఫలితాలు నా బల్ల మీదికి వచ్చాయి. పది మంది పాస్, ఇద్దరు ఫెయిల్. ఆ ఇద్దరిలో ఒకరు మేస్త్రి! నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా కేంద్రానికి పరుగెత్తాను.

"మతి ఉండే చేశారా మేస్త్రీ?"

"ఎడమ మూల వదులుగా వచ్చిందమ్మా. పరీక్ష కదా, కంగారుపడ్డాను."

"మార్కులు వేసేది మీరే కదండీ!"

"అందుకే కదమ్మా. అదే తప్పుకి అప్పుడే ఒక పిల్లని ఫెయిల్ చేశాను. నాకు పాస్ ఎలా వేసుకోను?"

కోపం వచ్చింది. ఆ వెనకాలే, నిజం చెప్పొద్దూ, ఏడుపూ వచ్చింది. పాతికేళ్లలో నా బల్ల ముందుకు వచ్చినవాళ్లలో ఇలాంటి మనిషి లేడు. మర్నాడే ఆ ఫలితాల కాగితం పెట్టి కమిటీకి ఇంకో నోట్ రాశాను.

పెద్దాఫీసరు ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "అసలు ఈ షరతు ఎందుకు పెట్టాం?" అని అడిగారు.

"మేస్త్రిని నమ్మొచ్చో లేదో తేల్చుకోవడానికండీ."

"తేలిందిగా," అని షరతు కొట్టేసి సంతకం పెట్టారు.

ఆ ఉత్తరం నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "మళ్లీ పరీక్ష ఎప్పుడమ్మా?" అన్నాడు.

"మీకిక ఆ అవసరం లేదండీ."

"అది కాదమ్మా, నేను పరీక్షకు కూర్చోకపోతే ఆ పిల్ల ఒక్కతే అయిపోతుంది."