ఒక్క మాట ఇడువకుంట టైప్ చేసిండు

నా మొదటి పుస్తకం ప్రూఫ్ ఫోన్‌ల పీడీఎఫ్‌గ వచ్చింది. కోరుట్లల మా వంటింట్ల, కుడిచేత్తోని బిడ్డకు పప్పన్నం కలుపుకుంట ఎడమచేత్తోని తెరిచిన. గల్ఫ్‌ నుంచి మొగుని శవం పెట్టెల వాకిట్లకు వచ్చే కథ. "ఆమె పెట్టె మీద చెయ్యి పెట్టింది. చెక్క చల్లగ ఉన్నది." ఆ రెండు ముక్కల కోసం నేను వారం రోజులు తన్లాడిన. వాటి కిందనే ఇట్లుంది:

"మింగు. మింగుమంటున్ననా? మింగకపోతే పిల్లి వస్తది."

పేజీ జరిపిన. పెట్టె సుట్టు ఊరంత గుమిగూడిన కాడ: "మీ అమ్మతోని గింతసేపు ఏం ముచ్చటనే?"

మొదటిది నేను బిడ్డకు అన్నది. ఇది మా అత్తమ్మ మాట.

తప్పు మొత్తం వేరేటోళ్లది అనలేను. నేను హైదరాబాద్ల పెరిగిన పిల్లను. బస్సుల, మెట్రోల, క్లాస్‌ల వెనక బెంచీల, ఫోన్ల రాసుకున్నదే నా రాత. పెండ్లయి ఇక్కడికి వచ్చిన, బిడ్డ పుట్టింది. ఇప్పుడు దానికి మూడేండ్లు. నా చేతుల స్క్రీన్ వెలిగితే చాలు, గుంజుకుంటది. అదే ఫోన్ చెవి కాడ పెట్టుకుంటే కాల్ అనుకొని ఊకుంటది. గట్ల దొరికింది నాకు దారి. కథను వాట్సాప్ల వాయిస్ పెట్టుడు, జగిత్యాలల డీటీపీ ఆయన విని టైప్ చేసుడు. అత్తమ్మ ఒడిల చాట పెట్టుకొని బీడీలు చేసుకుంట, నేను మా అమ్మతోని మాట్లాడుతున్న అనుకునేది. నేనూ కాదనలే. కథ అంటే ఏదో ఒక పని చెప్తది, అమ్మ అంటే కొంచెం ఓపిక పడుతది.

మధ్యల బిడ్డను అరవాల్సి వస్తే రికార్డింగ్ ఆపకపోయేదాన్ని. ఆపాలంటే ఫోన్ చెవి మీదికెల్లి తియ్యాలె, తీస్తే అది చూస్తది. ఏది కథ, ఏది సంసారం, వినేటోనికి ఆ మాత్రం తెల్వదా అనుకున్న.

తెల్వదు. డీటీపీ ఆయనకు ఫోన్ చేసిన.

"అన్నా, నీకు బుర్ర ఉందా? శవం ముందట పప్పు మింగుమంటదా ఎవరన్న?"

"నాకేమెరుకక్కా? నువ్వు చెప్పినవ్, నేను టైప్ చేసిన."

"చదువుకుంట చెయ్యవా?"

"చదువ. చెవుల పడ్డది చేస్త, గంతే. ఓపాలి లగ్గం కార్డుల మేనమామ పేరు ఇడిసిపెట్టినక్కా. పది మంది దుకాణం మీదికచ్చిండ్రు. గా మేనమామ అలిగి లగ్గానికే పోలేదట. అప్పటిసంది కస్టమర్ నోట్లకెల్లి ఏదత్తే గది. ఒక్క మాట ఇడువ."

అది గురువారం. పుస్తకం వేస్తమని ముందుకొచ్చిన సిరిసిల్ల దోస్తులు ఆదివారానికి హాల్ మాట్లాడి, ఫ్లెక్స్ గూడ కట్టిండ్రు. శుక్రవారం సాయంత్రంకల్ల ఫైల్ సిరిసిల్ల ప్రెస్‌కు పోవాలె. లేకపోతే లగ్గం కార్డుల సీజన్ మొదలైతది, మల్ల నా వంతు ఎప్పుడొస్తదో దేవునికెరుక. రెండేండ్లు చెవి కాడ ఫోన్ పెట్టుకొని మోసిన పుస్తకం, పప్పు మెతుకులతోని పోవాల్నా?

"అత్తమ్మా, రేపు పిల్లను చూసుకుంటరా? జగిత్యాల పోవాలె."

"రేపు కార్ఖానల బీడీలు ఇయ్యాలె గదనే. నేను పోకపోతే ఆకు ఇయ్యరు. నీ పుస్తకం యాడికి పోతది, ఎల్లుండి పో."

మా ఆయన మిల్లుకు పోయే తొందరల, "పిల్ల పండుకున్నంక రాసుకోవచ్చు గదా, ఈ తిప్పలెందుకు" అన్నడు. ఈ మాట నాకు ఎవరు చెప్పినా ఒళ్లు మండుతది. పిల్ల పండుకున్నంక నేను పండుకోవద్దా? నాకు ఒళ్లు లేదా?

శుక్రవారం పొద్దుగాల బిడ్డను సంకనేసుకొని బస్సెక్కిన. జగిత్యాల వచ్చేసరికి అది నా చున్నీ మీద బిస్కెట్ మొత్తం కక్కింది. దుకాణం అంటే లగ్గం కార్డుల శాంపిళ్లు, ఫ్లెక్స్ చుట్టలు, ఒక కంప్యూటర్. బిడ్డను స్టూల్ మీద కూసోబెట్టి నా ఫోన్ దాని చేతుల పెట్టిన. ఫోన్ లేకుంట నా చేతులు ఏం చెయ్యాల్నో తెల్వక స్క్రీన్ దిక్కు వేలు పెట్టి చూపించుడు మొదలుపెట్టిన.

"నీళ్లు తాగుతవా." తియ్. "చెప్పు నోట్ల పెట్టుకోకు." తియ్. "అత్తమ్మా, పాలు పొంగుతున్నయి చూడుండ్రి." తియ్, తియ్. ఆయన తీస్తున్నకొద్దీ నాకు కోపం పెరిగింది. ఆయన మీద కాదు. కథలకన్న నేను ఇవే ఎక్కువ మాట్లాడిన.

అరవై ఒకటో పేజీల పెట్టె మేకులు ఊడదీస్తుంటరు. "ఒక్కసారి చెప్తే వినవా?" తియ్. దాని కింద ఒక్కటే మాట: "అమ్మా." దాని కింద: "ఆమె వెనక్కి తిరిగి చూడలేదు."

ఆ 'అమ్మా' నేను చెప్పిందో కాదో యాదికి రాలే. కథల ఆమెకు గూడ బిడ్డ ఉంది.

"ఆడియో పెట్టన్నా."

పెట్టిండు. నా గొంతు మెత్తగ మేకుల గురించి చెప్తున్నది. ఏదో గుంజిన చప్పుడు. "ఒక్కసారి చెప్తే వినవా?" చెంప మీద దెబ్బ. "అమ్మా" అని పొడుగ్గ ఏడుపు. రెండు సెకండ్లు గూడ కాలే, మల్ల నా గొంతు, అంతే మెత్తగ: "ఆమె వెనక్కి తిరిగి చూడలేదు."

ఆయన తల గోక్కున్నడు. "గా చప్పుడు మాట కాదు గదక్కా. గందుకే టైప్ చెయ్యలే."

స్టూల్ మీదికెల్లి నా బిడ్డ ఫోన్ల నుంచి తల లేపింది. "అమ్మా, గా పాప ఎందుకేడుస్తుంది?"

అంతల దాని చేతుల ఫోన్ మోగింది, అది కట్ చేసింది. వెంటనే ఆయన ఫోన్ మోగింది. సిరిసిల్ల ప్రెస్. ఇంకా పంపలేదేంది, మిషన్ ఖాళీగ పెట్టుకొని కూసున్నం అని వాళ్ల లొల్లి బయటికి వినబడుతున్నది.

"అక్కా, గిది తియ్యాల్నా, ఉంచాల్నా?"

నేను బిడ్డ చెంప దిక్కు చూస్తున్న. నేను తియ్యమనలేదు గనుక ఆయన తియ్యలే. పంపిండు.

ఆదివారం సిరిసిల్లల పుస్తకం విడుదలయింది. పక్క గల్లీల బట్ట నేసే సాంచెల చప్పుడు మైకుతోని పోటీ పడుతున్నది. అత్తమ్మ బిడ్డను ఒడిల పెట్టుకొని ముందు కుర్చీల కూసుంది. పుస్తకం మీద మాట్లాడనీకె వచ్చిన టీచరమ్మ వేరే కథలు అన్నీ దాటేసి అరవై ఒకటో పేజీ తెరిచింది. "ఆ పిల్ల 'అమ్మా' అంటది, తల్లి వెనక్కి తిరిగి చూడదు. ఈ ఒక్క మాట చాలు, ఈమె రచయిత్రి అనడానికి." అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను వారం రోజులు తన్లాడిన చెక్క గురించి ఒక్కరు మాట్లాడలే. థాంక్స్ మేడం అన్న. ఇంకేమనాలె?

వాపస్ బస్సుల అత్తమ్మ అడిగింది: "గామె చెప్పిన పిల్ల ఎవలే?"

"కథల పిల్ల అత్తమ్మా."

మంగళవారం కొత్త కథ మొదలుపెట్టిన. ఫోన్ చెవి కాడ పెట్టుకొని నడుస్తున్న. వాక్యం మస్తుగ వస్తున్నది, సగం దాక వచ్చింది. బిడ్డ చున్నీ పట్టి గుంజింది. వద్దన్న. మల్ల గుంజింది. నా చెయ్యి లేచింది. లేచినంక, ఇది గూడ రికార్డ్ అయితున్నది గదా అని గుర్తొచ్చింది. చెయ్యి దించిన. దాన్ని ఎత్తుకున్న. ఆ కిందామీదల వేలు తగిలి ఆ సగం వాక్యం అట్లనే పోయింది జగిత్యాలకు.

గంటకు మెసేజ్ వచ్చింది: "అక్కా, నడుమల ఆగిపోయింది. తర్వాత ఏందో చెప్పు."

ఆ వాక్యం నాకు మల్ల దొరకలే. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఆగు, అని టైప్ చేసిన. అంతట్ల బిడ్డ ఫోన్ గుంజుకుంది.