ఒంటికొమ్ము మొహం

పత్తికొండ పక్కన మూడెకరాల బుడ్డల (వేరుశనగ) చేను, పదిహేను గొర్రెలు, ఫోటోల పిచ్చి. బాలస్వామికి ఉన్నది అంతే. జింకను కొడితే జైలు; జింక చేను మేస్తే అడిగే నాథుడు లేడు. అందుకని గొర్రెలను గట్టున మేపుకుంటూ జింకలను అదిలిస్తాడు, అదిలించేముందు సెల్‌ఫోన్‌తో ఫోటో తీస్తాడు. అందులో అవి చీమల్లా పడతాయి. కొమ్ము విరిగిన మగజింక ఒకటి మూడేళ్లుగా వస్తోంది. దాని మొహం నిండుగా ఒక్క ఫోటోలో చూడాలని అతని కోరిక.

రెండు పొట్టేళ్లు అమ్మితే ఒక కెమెరాకు సరిపోయింది. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే జయపాల్, వరసకు అల్లుడు, తన పాత డీఎస్ఎల్ఆర్ తీసుకోమన్నాడు. బడి సారు శామ్, దూరానివి దగ్గరగా చూపే తన సూపర్‌జూమ్ కెమెరా అదే ధరకు ఇస్తానన్నాడు. బాలస్వామి రెండింటినీ ఒకరోజుకు అడిగి తెచ్చాడు.

తెలతెలవారుతుండగా జయపాల్ డీఎస్ఎల్ఆర్ పట్టాడు. ఆ మసక వెలుగులోనూ అందులో ఆకు మీది మంచు కనిపించింది; సూపర్‌జూమ్‌తో తీసిన ఫోటోలో అంతా చుక్కలే. జింక మాత్రం దూరంగానే ఉంది.

"మామా, వంగి పాక్కుంటా పోదాం."

పాకారు. గొంగడి కప్పుకుని నిలువుగా నడిచే బాలస్వామి ఆ జింకలకు అలవాటే. నేలబారుగా వచ్చేవి కుక్కలని వాటి లెక్క. జింకల మంద మొత్తం గాల్లోకి లేచి పరుగెత్తింది.

"పెండ్లికొడుకనుకున్యావా అల్లుడా, నువ్వు చెప్తే నిలబడేకి?"

"పెద్ద లెన్సు ఉంటే ఈన్నుంచే తీయొచ్చు మామా."

"అది యాడుండాది?"

"మిగిలిన గొర్రెలన్నీ అమ్మితే వస్తాది."

పొద్దెక్కాక ఒంటికొమ్ము తిరిగొచ్చింది. బాలస్వామి గొర్రెల మధ్య గొంగడి కప్పుకుని కూర్చుని, సూపర్‌జూమ్‌ను మోకాలి మీద ఆనించాడు. మీట తిప్పేకొద్దీ జింక దగ్గరకొచ్చింది. చెవులు, కళ్లు, కంటిరెప్పల వెంట్రుకలు కూడా. ఫోటో తీశాడు.

"తెల్లారక ముందు మబ్బులో దీంతో తీసింది చూడు, రవ్వ పోసినట్టుండాది. ఇది వద్దు మామా," అన్నాడు జయపాల్.

"మబ్బులో నా కండ్లు చాల్లేప్పా. నాకిదే."

ఫోటో చూసి భార్య రత్నమణి ముక్కున వేలేసుకుంది.

"దీని నోట్లో మన బుడ్డల చెట్టే గదా! శానా బాగుండాది. దొంగను పట్టుకోకుండా ఫోటో తీసుకుంటివా?"

తిడుతూనే గోడమీది చర్చి క్యాలెండరును పక్కకు జరిపి, పటం కట్టించాక తగిలించేందుకు అక్కడ మేకు కొట్టింది.